రంగవ్వ వెనక్కి తిరగలేదు

నా బీరువాలో కింది అరలో, పట్టుచీరల అడుగున ఇవాళ్టిదాకా ఒక నవల ఉంది. సన్నటి పుస్తకం. చేతిలోకి తీసుకుంటే ఏమంత బరువుండదు. కానీ ఏళ్ల తరబడి నేను మోసింది దాన్నే. పండక్కో పెళ్లికో చీర తీసినప్పుడల్లా దాని అంచు వేలికి తగిలేది. చీర లాగి, తలుపు మూసి, తాళం వేసేదాన్ని. ఆ రోజంతా ఎవరేం మాట్లాడినా నాకు సగమే వినబడేది.

ఆ పుస్తకం నాది కాదు. అది ఎవరిదో, ఆ మనిషికి నేను చేసిన అన్యాయమేమిటో మీకు చెప్పాలని ఇవాళ కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదేమో. తెలిసినవాళ్ల ముందు నాకు నోరు పెగలదు, వాళ్లంతా నన్ను గౌరవిస్తారు మరి. నవల పేరు చెప్పను. చెప్తే వరంగల్‌లో సగం మంది నన్ను ఇట్టే పోల్చుకుంటారు. మిగతాదంతా చెప్తాను. ముందే ఒక మాట. ఏడుద్దామని కూర్చోలేదు. క్షమించమని అడగను కూడా. చెప్పాలని నిశ్చయించుకున్నాను, చెప్తున్నాను.

హనుమకొండలో ఒక కాలేజీలో తెలుగు చెప్తాను. చాలాకాలం ఒక పత్రిక జిల్లా పేజీలో ఆదివారం ఆదివారం పుస్తకాల మీద, సినిమాల మీద రాశాను. నా కలానికి పదునెక్కువని పేరు. ఆ పేరంటే నాకు మోజు ఉండేది. ఎవరైనా "మేడం ఊరుకోదు" అంటే లోపల పొంగిపోయేదాన్ని. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసిన తప్పు తెలియనితనంతో మొదలైనా, దాన్ని పెంచి పెద్ద చేసింది మాత్రం ఈ మోజే.

అసలు కథ మా దుకాణం వెనక మొదలైంది. మాది వరంగల్ పాత బజారులో కిరాణా దుకాణం. మిర్చి సీజన్లో మా బాపు ఎనుమాముల మార్కెట్ నుంచి బస్తాలు తెప్పించి వెనక వాకిట్లో కుప్ప పోయించేవాడు. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి కూర్చుని తొడిమలు తీసేవాళ్లు. ముక్కుకు కొంగు కట్టుకుని, తుమ్ముకుంటూ, పొద్దుగూకేదాకా అదే పని. ఆ పని సాగడానికి మా పెద్దమ్మ వాళ్లకు పుస్తకం చదివి వినిపించేది. చేతులు ఆగవు కాబట్టి బాపు ఏమనేవాడు కాదు.

పెద్దమ్మ అంటే బాపు అన్న భార్య. పెళ్లయిన కొద్దికాలానికే పెదబాపు పోయాడు. ఆమె పుట్టిల్లు నెక్కొండ. అక్కడ ఆమెను రమ్మని పిలిచేవాళ్లెవరూ మిగల్లేదు. మా ఇంట్లోనే ఉండిపోయింది. పప్పులు, బెల్లం పొట్లాలు కట్టడానికి దుకాణానికి పాత పుస్తకాలు తూకానికి వచ్చేవి. ఆ కట్టల్లో వెతికి, కథ ఉన్నవాటిని తీసి దాచుకునేది పెద్దమ్మ. ఈ నవల అలా దొరికిందే. అట్ట లేదు. మిగతాది బాగానే ఉందని నేననుకున్నాను.

నిజాం కాలం కథ అది. రంగవ్వ అనే పల్లెటూరి మనిషి. వెట్టి చేయనన్నందుకు ఆమె తమ్ముణ్ని దొర తన గడిలో, కోటలాంటి ఆ ఇంట్లో బంధిస్తాడు. నువ్వొచ్చి గడిలో దాసిగా ఉంటే వాణ్ని వదిలేస్తానని కబురు పంపుతాడు. రంగవ్వ ఊరు దాటి గడి తలుపు దాకా నడుస్తుంది. ఆమె వెనక ఆడవాళ్లు నడుస్తారు. ఆ నడక చదువుతుంటే మా వాకిట్లో తుమ్ములు కూడా ఆగిపోయేవి.

"లోపటికి పోయిందా అమ్మా?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు.

పెద్దమ్మ పుస్తకం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివేది. రంగవ్వ తలుపు ముందు ఆగింది. వెనక్కి తిరిగింది. వెనకున్న ఆడవాళ్లను చూసింది. అంతా కలిసి తలుపు తోశారు. తమ్ముణ్ని చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది. ఇద్దరూ నెక్కొండ స్టేషన్‌కు నడిచి రైలెక్కారు. రైలు కదిలాక రంగవ్వ కొంగు కొసన ముడేసుకున్న వేయించిన పల్లీలు తీసి తమ్ముడికిచ్చింది. అక్కడితో కథ అయిపోయేది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుని మిర్చి ఘాటు మీద నెపం పెట్టేవాళ్లు. వచ్చే ఏడు మళ్లీ అదే చదవమనేవాళ్లు.

ఆ నవల నాకు నోటికొచ్చు అని నేను జీవితమంతా చెప్పుకున్నాను. నిజానికి నేను దాన్ని చదవలేదు. విన్నాను. పెద్దయ్యాక మొదటి అధ్యాయాలు తిరగేశాను, వ్యాసాలు రాశాను, సభల్లో మాట్లాడాను. చివరిదాకా చదవాల్సిన అవసరమే తోచలేదు. రంగవ్వ ఎట్లా వెనక్కి తిరిగిందో నాకు తెలియకపోతే కదా? మా ఇంటి పుస్తకం పెద్దమ్మ పోయాక ఏమైందో తెలియదు, పొట్లాల్లో కలిసిపోయి ఉంటుంది. బజార్లో కొత్త ముద్రణ లేదు. పాత గ్రంథాలయాల్లో ఎక్కడో ఒకటీ అరా ఉన్నాయని వినేదాన్ని. తెలుగు లెక్చరర్ని, వెళ్లి వెతకలేదు.

అలాంటి రోజుల్లో ఆ నవల సినిమాగా వచ్చింది.

తీసింది లావణ్య అని ఇరవై దాటిన అమ్మాయి. నెక్కొండ పిల్ల. సినిమా రాసిందీ ఆమే, తీసిందీ ఆమే, మొదటి సినిమా. మన ప్రాంతపు నవల మన పిల్ల తీస్తోందని అందరం సంబరపడ్డాం. విడుదలైన రోజే మావారిని వెంటబెట్టుకుని వెళ్లాను.

సినిమా బాగాలేదు. ఈ మాట ఇప్పుడూ అంటాను. తప్పు చేసినదాన్ని కాబట్టి మెచ్చుకుని చేతులు కడుక్కోను. పాతకాలం కథ తీయడమంటే పాత సామాన్లు అద్దెకు తేవడమే అనుకున్నట్టుంది. వెట్టి చేసేవాళ్ల పంచెలకు ఇస్త్రీ మడతలు. వడ్లు దంచే ఆడవాళ్ల చేతులకు అప్పుడే కొన్న గాజులు. దొర ఒక యాస, దాసి ఒక యాస, మధ్యలో తమ్ముడు టీవీ సీరియల్ భాష. కథకు సంబంధం లేకుండా పాలంపేటలో రామప్ప గుడి ముందు వానపాట. ఆకలితో ఉన్న రంగవ్వ నిండు బుగ్గలతో ఉంది. మావారు ఇంటర్వెల్ తర్వాత నిద్రపోయారు. నేను చీకట్లో కూర్చుని, ఆదివారం రాయబోయే వ్యాసంలో వాక్యాలు పదును పెట్టుకుంటున్నాను.

చివరి పది నిమిషాల దగ్గర సంగీతం ఆగిపోయింది. రంగవ్వ దుమ్ములో నడుస్తోంది. వెనక ఆడవాళ్లు. గడి తలుపు. నేను ముందుకు వంగి కూర్చున్నాను. ఆమె ఆగింది. కాళ్ల కడియాలు తీసి పక్కనున్న ముసలమ్మ చేతిలో పెట్టింది. వెనక్కి తిరగలేదు. లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. బయట నిలబడ్డ ఆడవాళ్ల ముఖాలు చాలాసేపు చూపించారు. పక్క తలుపులోంచి తమ్ముడు బయటికొచ్చి, ఎవరి వైపు చూడాలో తెలియక నేల చూశాడు. అంతే, సినిమా అయిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. అంత కోపం నాకు అంతకుముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. మావారు లేచి "అయిపోయిందా?" అన్నారు. "పాడుచేసింది, మొత్తం పాడుచేసింది" అన్నాను. థియేటర్ మెట్లు దిగుతూ నాకు కనబడుతున్నది మా వాకిలి, మిర్చి కుప్ప, పెద్దమ్మ గొంతు.

తర్వాతి వారం హనుమకొండలో ఆ సినిమా మీద చర్చ పెట్టారు. హాలు నిండిపోయింది. లావణ్య ముందు వరుసలో, వాళ్ల నాన్న పక్కన కూర్చుంది. నన్ను చివర మాట్లాడించారు. గాజుల గురించి, యాసల గురించి, వానపాట గురించి మాట్లాడి కూర్చున్నా సరిపోయేది. అవన్నీ నిజాలే. నేను వాటిని రెండు మాటల్లో దాటేశాను. "రచయిత రంగవ్వను వెనక్కి తిప్పాడు, తమ్ముడితో సహా నెక్కొండలో రైలెక్కించాడు. ఈ అమ్మాయి ఆమెను గడిలోకి తోసింది. తలుపు బద్దలుకొట్టిన మన ఆడదాన్ని దొరకు అప్పజెప్పింది. ఈ హక్కు ఎవరిచ్చారు?" అన్నాను. చప్పట్లు ఆగలేదు. లావణ్య లేచి ఏదో చెప్పబోయింది. వెనక నుంచి కూర్చోమని అరిచారు. మైకు నా చేతిలోనే ఉంది. ఆమెకు అందివ్వొచ్చు. ఇవ్వలేదు.

మర్నాడు పేపర్లో నా ఫొటో పెద్దది, ఆమె ఫొటో చిన్నది. చరిత్రను అమ్ముకున్న సినిమా అని శీర్షిక. ఆ వారాంతానికి వరంగల్ థియేటర్లు సినిమా ఎత్తేశాయి. మిగతా ఊళ్లు కూడా అదే బాట పట్టాయి. చూడనివాళ్లు కూడా తిట్టారు.

ఇక్కడిదాకా జరిగింది పొరపాటనుకోండి. అహంకారంతో చేసిన పొరపాటు. దిద్దుకునే దారి ఉన్న పొరపాటు. ఆ దారి నా ఇంటికి నడిచి వచ్చింది కూడా.

ఒక సాయంత్రం లావణ్య మా ఇంటికొచ్చింది. ఒక్కతే. చేతిలో ఈ పుస్తకం. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ మీద కోపంతోని రాలే మేడం. జర ఈ రెండు పేజీలు చదువుండ్రి" అంటూ చివరి అధ్యాయం తెరిచి నా ముందు పెట్టింది.

చదివాను. కడియాలు తీయడం అందులో ఉంది. తలుపు మూసుకోవడం ఉంది. తమ్ముడు నేల చూడటం ఉంది. వెనక్కి తిరగడం లేదు. రైలు లేదు. పల్లీలు లేవు.

"నేను కల్పించలే మేడం. ఆయన రాసిందే తీసిన. సినిమా మంచిగ లేదంటె ఒప్పుకుంట. గని ఇది మాత్రం నేను చెయ్యలే." ఆమె వేలు ఆ పేజీ మీదే ఉంది. "మాది నెక్కొండనే. నవల్ల మా ఊరి పేరుంటె నేను ఇడిసిపెడ్తనా? యాడున్నదో చూపెట్టుండ్రి, మీటింగ్ పెట్టి అందరి ముందట మాఫీ అడుగుత. మా నాయిన బయటికి పోతలేడు మేడం. మీరు ఒక్క లైన్ రాయుండ్రి. ముగింపు నవలదే అని. చాలు."

నాకప్పుడు మా వాకిలి మళ్లీ కనబడింది. ఈసారి ఇంకొకటి కూడా కనబడింది. చిన్నప్పుడు నేను పెద్దమ్మ పక్కనే ఆనుకుని కూర్చునేదాన్ని. రంగవ్వ గడి తలుపు చేరేసరికి పెద్దమ్మ పేజీలు వెనక్కి తిప్పేది. చివరికొచ్చిన పుస్తకంలో ఇంకా చదవాల్సింది ఉన్నట్టు, మధ్యలోకి, అక్కణ్నుంచి మొదటికి. ఎందుకు తిప్పుతుందో నేను ఎప్పుడూ అడగలేదు. చివరి పేజీలు అందులో లేవు. ఆమె చేతికి రాకముందే ఎవరింటికో పప్పు పొట్లాలై పోయాయి. రంగవ్వ ఏమైందో పెద్దమ్మకే తెలియదు. మిర్చి కుప్ప ముందు కూర్చున్నవాళ్లు అడుగుతున్నారు, ఏదో ఒకటి చెప్పాలి. తను ఎక్కలేకపోయిన రైలు రంగవ్వను ఎక్కించింది. తన ఊరి స్టేషన్లో ఎక్కించింది.

నాకు అప్పటికి తెలియదా? చిన్నపిల్ల కళ్లతో చూసింది మనసు ఎక్కడో దాచుకోదా? అందుకే నేను ఏనాడూ ఆ పుస్తకం వెతకలేదా? ఆ సాయంత్రం తర్వాత మాత్రం తెలియదనడానికి వీల్లేదు. రెండు పేజీలూ నా కళ్ల ముందున్నాయి.

ఒక్క లైన్. రాస్తే ఏమయ్యేది? ఈ తెలుగు మేడం చివరి అధ్యాయం చదవకుండానే ఇన్నేళ్లు ఉపన్యాసాలిచ్చిందని నవ్వేవాళ్లు. కాలేజీలో స్టాఫ్ రూంలో నవ్వేవాళ్లు. నవ్వి మర్చిపోయేవాళ్లు కూడా. అది నాకిప్పుడు తెలుస్తోంది. అప్పుడు ఆ నవ్వు తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు.

"ఇది తర్వాతి ముద్రణ. మొదటి ముద్రణలో ముగింపు వేరు. తర్వాత ఎవరో మార్చారు" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో.

ఆమె నా ముఖంలోకి చూసింది. "మొదటిది మీ తాన ఉందా మేడం?"

"ఉండేది. చెదలు తినేసింది."

లావణ్య పుస్తకం అక్కడే బల్ల మీద వదిలేసి వెళ్లిపోయింది. మర్చిపోయిందో, కావాలనే వదిలిందో తెలియదు. గేటు చప్పుడు వినబడ్డాక నేను దాన్ని తీసుకెళ్లి చీరల కింద పెట్టాను.

అంతటితో ఆగానా? ఆ ఆదివారం మొదటి ముద్రణ గురించి వ్యాసం రాశాను. ఉన్నట్టు రాశాను. దాని కాగితం పసుపు రంగు గురించి రాశాను. చివరి వాక్యంలోని పల్లీల గురించి రాస్తే చదివినవాళ్లు ఫోన్ చేసి ఏడ్చారు. పెద్దమ్మ మాటలు ఎత్తుకొచ్చి రచయితకు అంటగట్టాను, రచయిత మాటలు ఎవరో దిద్దారన్నాను, లావణ్యను అబద్ధాలకోరును చేశాను. ఒక్క వ్యాసంతో ముగ్గురికి ద్రోహం. పెద్దమ్మ కోసం చేశానని నాకు నేను చాలాకాలం నచ్చజెప్పుకున్నాను. ఆమె కథ నిలబెట్టాను కదా అని. ఆమె కోసమైతే ఆమె పేరు రాసి ఉండేదాన్ని కదా? ఎక్కడా రాయలేదు. నేను నిలబెట్టింది నా కుర్చీని.

అబద్ధం నాకంటే బాగా బతికింది. పిల్లలు వ్యాసాల్లో మొదటి ముద్రణ అని రాయడం మొదలుపెట్టారు. నేనే మార్కులు వేశాను. ఒకాయన పరిశోధనలో అది చేరింది. నెక్కొండలో ఎవరో తమది రంగవ్వ రైలెక్కిన ఊరని గొప్పగా చెప్పుకున్నారని విన్నాను. లావణ్య ఊళ్లో, లావణ్య వినేలా.

ఆమెకు ఆ తర్వాత ఇంకో సినిమా రాలేదు. కొన్నాళ్లకు హనుమకొండలో పెళ్లి వీడియోల స్టూడియో పెట్టిందని తెలిసింది. ఒక పెళ్లిలో ఎదురుపడింది. కెమెరా భుజాన ఉంది. నేను పెళ్లికూతురి పక్కన నిలబడాల్సి వచ్చింది. "మేడం, జర ఇటు సూడుండ్రి" అంది. మామూలుగానే అంది. నా ముఖం మీద నీడ పడుతోందని లైటు పట్టుకున్న మనిషిని పక్కకు జరగమంది. తర్వాత పెళ్లివాళ్లు ఆ ఫొటో పంపారు. నాకున్న ఫొటోలన్నింటిలోకీ నేను బాగున్నది అందులోనే. వెంటనే డిలీట్ చేశాను.

ఇక ఇప్పటి సంగతి. ఈ మధ్య ఇక్కడి కుర్రాళ్లు కొందరు కలిసి ఆ నవలను మళ్లీ అచ్చువేయాలని పూనుకున్నారు. మంచి పిల్లలు, సాహిత్యం మీద ప్రేమ ఉన్నవాళ్లు. వాళ్లలో ఇద్దరు మా ఇంటికొచ్చారు. "మేడం, మొదటి ముద్రణ ముగింపు మీరే రాసియ్యాలె. మీకు కంఠతా వస్తది కదా. అదే అసలుదని పెడ్తం. మార్చినదాన్ని ఆఖరుకు, చిన్న అక్షరాలల్ల ఏస్తం" అన్నారు. సరేనన్నాను. అలవాటైన నోరు కదా.

మర్నాడు పొద్దున కూర్చుని రాశాను. ఎంత బాగా వచ్చిందో చెప్తే మీకు నా మీద అసహ్యం వేస్తుంది. ఒక్క కొట్టివేత లేదు. రంగవ్వ ఆగింది, తిరిగింది, తలుపు తోసింది. నెక్కొండ అని రాశాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. యాడున్నదో చూపెట్టుండ్రి అంది లావణ్య ఆ సాయంత్రం. ఇదిగో, ఇప్పుడు చూపెట్టబోతున్నాను. నవలలో ఇన్నాళ్లూ లేని ఊరి పేరు రేపటి నుంచి అచ్చులో ఉంటుంది. ఆమె తప్పు చేసిందనడానికి ఇక సాక్ష్యం కూడా ఉంటుంది. అది తయారుచేసింది నేనే అవుతాను. అచ్చయ్యాక నేను నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.

కలం పక్కన పెట్టాను. భయం వేసిన మాట నిజం. నాకు ఇంకా కొన్నేళ్ల ఉద్యోగం ఉంది. కాలేజీ గేటు దగ్గర పిల్లలు ఎట్లా చూస్తారో, మావారు ఏమంటారో, ఇన్నేళ్లు నా వ్యాసాలు దాచుకున్న మా చెల్లెలు ఏం చేస్తుందో, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. తిరగనీ అనుకున్నాను. ఇదే భయానికి ఆ సాయంత్రం తల వంచాను, ఆ అమ్మాయి బతుకు దారి మళ్లింది. ఇంకోసారి వంచను.

వేరే కాగితం తీసి రాశాను. ఈ నవలకు ముగింపు ఒక్కటే, అందులో రంగవ్వ లోపలికి పోతుంది. మొదటి ముద్రణ అని నేను చెప్పింది అబద్ధం. అలాంటిది లేదని తెలిసే చెప్పాను. లావణ్య తీసింది రచయిత రాసిందే. రంగవ్వ వెనక్కి తిరిగిన కథ మా పెద్దమ్మది. పెద్దమ్మ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. దీన్ని పుస్తకంలో మొదటి పేజీలోనే వేయాలని, వేయకపోతే పేపర్లకు నేనే పంపుతానని కూడా రాశాను. కింద నా పేరు, ఉద్యోగం రాసి సంతకం పెట్టాను. మీకు పేరు చెప్పడం లేదు గాని, అక్కడ దాచలేదు.

కుర్రాళ్లకు ఇచ్చే ముందు లావణ్యకు చూపించాలనిపించింది. చీరల కింద నుంచి పుస్తకం తీశాను. రెండూ పట్టుకుని ఇవాళ మధ్యాహ్నం ఆమె స్టూడియోకు వెళ్లాను. రెండో అంతస్తు. తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమె కంప్యూటర్ ముందు ఎవరిదో పెళ్లి చూస్తోంది. తలలో అక్కడక్కడా నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను కాగితం ఇచ్చాను.

నిలబడే చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. ఏం అంటుందోనని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. "మా నాయిన పోయిండు మేడం" అంది. "నాలుగేండ్లయితాంది. ఆయన ఉన్నప్పుడు ఇస్తె మంచిగుండేది."

పుస్తకం ఆమె ముందుకు పట్టాను. ఆమె తీసుకోలేదు. దాని వైపు చూసింది.

"మీరు ఆఖరుదాక చదివిండ్రా?"

లేదన్నాను. ఆమె చూపించిన రెండు పేజీలు తప్ప నేనింకా చదవలేదు. ఇన్నేళ్లు ఇంట్లో పెట్టుకుని కూడా.

"చదువుండ్రి" అంది. కాగితం మడిచి సొరుగులో పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, ఆగి ఉన్న పెళ్లిని మళ్లీ నడిపించింది. నేను ఇంకా అక్కడే ఉన్నానేమోనని తిరిగి చూడలేదు.

మెట్లు దిగాను. కుర్రాళ్ల దగ్గరికి పోయి ఇంకో ప్రతి ఇచ్చేశాను. వాళ్లలో ఒకడు చదువుతూ చదువుతూ నా ముఖం చూడటం మానేశాడు. ఇంటికొచ్చాను. ఆమె క్షమించలేదు. నేను అడగనూ లేదు. అయినా ఇల్లు చేరేసరికి ఊపిరి లోపలిదాకా వెళ్తున్నట్టు తెలిసింది. ఆ ఊపిరి తీసుకునే హక్కు నాకు లేదేమో, తీసుకున్నాను.

ఇప్పుడే వరండాలో కూర్చుని ఆ నవల మొదటి పేజీ నుంచి చదివాను. పైకి చదివాను, పెద్దమ్మ చదివినట్టు. వినడానికి ఎవరూ లేరు. రంగవ్వ ఊరు దాటింది. గడి తలుపు వచ్చింది. పేజీ వెనక్కి తిప్పాలని చెయ్యి కదిలింది. ముందుకే తిప్పాను. రంగవ్వ కడియాలు తీసి ముసలమ్మ చేతిలో పెట్టింది. లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.